మగ్గం గది కిటికీ

మదనపల్లె, డిసెంబరు 1998, గురువారం రాత్రి

ఇన్నాళ్లూ నా ఛాతీలో ఊరే కళ్లెను అందరం జలుబనే అనుకున్నాం. చలి తగలకూడదని అత్తమ్మ మగ్గం గది కిటికీకి గోనెపట్టా కూడా కొట్టించింది. పొడిగాలికి పట్టుపోగులు తెగుతాయని ఆ కిటికీని ముందునుంచీ తెరిచేది తక్కువే.

ఈరోజు డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విని, "ఇంట్లో సిగరెట్ ఎవురు తాగతారమ్మా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన "ఎవురూ తాగరు సార్" అన్నాడు. జేబులో పెట్టె కనిపిస్తూనే ఉంది. ఎంత ధైర్యం!

డాక్టరు ఆ జేబునే చూస్తూ చెప్పారు. "పొగ లోపలికి పోతే ఊపిరిగొట్టాలు దాన్ని కడిగేయాలని కళ్లె ఎక్కువ ఊరిస్తాయి. పొగ ఆగకుంటే మందులేం చేస్తాయి?"

ఇంటికొచ్చాం. సాయంత్రం మగ్గంలో కూర్చున్నానో లేదో దగ్గు మొదలైంది. మా ఆయనకు జాలేసిందేమో, నా పాత రవిక తెచ్చి గోనెపట్టా సందులో కుక్కాడు.

"సలిగాలి వస్తాండాది, అందుకే దగ్గు" అంటూ పక్కనే కూర్చుని సిగరెట్ ముట్టించాడు.

ఆ గుడ్డ పీకేద్దామని లేచాను. గాలికి పోగు తెగితే మళ్లీ అతకాల్సింది నేనే కదా అని కూర్చున్నాను.