యాభై ఆరు ముక్కలు

గార్డెన్ రీచ్, కలకత్తా,
18 నవంబరు 2024, సోమవారం.

ప్రియమైన కుమార్తె రెజీనాకు నీ తండ్రి సాల్మన్ రాజు ప్రభువు పేరిట దీవించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. ఖరగ్‌పూర్‌లో నువ్వు, అల్లుడు లలిత్, మనవరాలు సాహిత్య క్షేమమని తలుస్తాను.

ఉత్తరం అలా మొదలుపెట్టాలని మా ఊరి బడిలో మాస్టారు నేర్పారు కాబట్టి రాశాను. నేను క్షేమంగా లేను. కోపంగా ఉన్నాను.

ఫోనులో చెప్పొచ్చు కదా నాన్నా అంటావు. ఫోనులో నువ్వు పది మాటలు అనేలోపు నేను ఒకటి అంటాను, అదీ ఊఁ అని. అందుకే రాస్తున్నాను. తెలుగు చదవడం నీకు నిదానం. నిదానంగానే చదువు.

శనివారం నువ్వు చెప్పినట్టే హౌరా వెళ్లాను. లోకల్ రైల్లో వచ్చిన లలిత్ స్నేహితుడు సంచి ఇచ్చాడు. మీ అమ్మ చీరలు ఉతికి పంపావనుకున్నాను. సెప్టెంబరులో అమ్మ జ్ఞాపకార్థ కూటానికి వచ్చినప్పుడు నువ్వు చెప్పింది అదే. పెట్టెలో ముక్కవాసన వస్తున్నాయి నాన్నా, తీసుకెళ్లి ఉతికి వాటితో ఏదన్నా చేస్తాను అన్నావు. ఆ ఏదన్నా ఏమిటో నేను అడగలేదు. తప్పే. అడగని మనిషిని ఏమైనా చెయ్యొచ్చా?

లాంచీలో కూర్చుని సంచి మూతి విప్పాను. చీరలు లేవు. ముక్కలు. జానెడు జానెడు చదరాలు. ఒకదాని మీద ఒకటి, పేకముక్కల్లా. యాభై ఆరు. పక్కనున్న బెంగాలీ ఆవిడ తొంగి చూసి, కీ షుందొర్, కాంథా హోబే దాదూ, అంది. ఎంత అందంగా ఉన్నాయి, బొంత కుడతావా తాతా అని. నేను సంచి మూసేశాను. బాబూఘాట్‌లో దిగేటప్పుడు కాలు తడబడింది. ఎవరో చెయ్యి పట్టుకున్నారు.

అందులో నీ చీటీ. ఇది మా క్విల్టింగ్ క్లాసులో నా ప్రాజెక్టు నాన్నా. కత్తిరించడం అయిపోయింది. అమ్మ తొలినాళ్లలో కట్టినవి మధ్యలో పెట్టు, తర్వాతివి వరసగా చుట్టూ పేర్చు, చివరి చీర అంచుకి రావాలి. సాహిత్యకి క్రిస్మస్ బహుమతి. నీ సూది ముందు మా క్లాసులో ఎవరూ నిలవరు, అని రాశావు. పొగిడితే పడిపోతాననుకున్నావు.

నా సూది సంగతి చెప్పకు. డాక్‌లో ముప్ఫై ఎనిమిదేళ్లు దబ్బనంతో టార్పాలిన్లు కుట్టాను. గుడ్డ అంటే ఏమిటో, కత్తెర ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో నాకు తెలుసు. బొంత అంటే ఏమిటో నీకు తెలియదు.

మా అమ్మ బొంత కుట్టినప్పుడు కత్తెరని గడప దాటనిచ్చేది కాదు. చీర మీద చీర, నిండు చీరలు, నాలుగో అయిదో మడతలేసి పరిచి, చుట్టూ నలుగురు ఆడవాళ్లు కూర్చుని పరుగుకుట్టు వేసుకుంటూ వచ్చేవారు. ఎప్పుడన్నా అవసరం పడితే దారం లాగేసేవారు. చీర మళ్లీ చీర అయ్యేది. మా మేనత్త చనిపోయినప్పుడు మా అమ్మ అలాగే బొంత విప్పి, లోపలి నుంచి ఆమె చీర తీసి, మొహానికి అద్దుకుని, మళ్లీ లోపల పెట్టి కుట్టేసింది. నువ్వు చేసినదాన్ని ఏ దారం లాగితే చీర అవుతుంది? చెప్పు. మీ క్లాసులో టీచరమ్మని అడిగి చెప్పు.

అయినా కుడదామనే కూర్చున్నాను. తండ్రిని కదా. ముక్కలన్నీ మంచం మీద పరిచాను. తీశాను. మళ్లీ పరిచాను. నిన్న ఆరాధన నుంచి వచ్చాక కూడా అదే పని. ఇంతలో పక్కింటి కాసులమ్మ చేపలకూర పట్టుకుని వచ్చింది. ఏటి మావా, మంచం మీద బట్టలకొట్టు ఎట్టేసినావేటి, అని నవ్వింది. కూర గిన్నె కింద పెట్టి ముక్కలు చేత్తో తీసి చూడ్డం మొదలుపెట్టింది. నేను పేర్చనా మావా, నాకు తెలుసు గదా, అంది. నాకు ఒళ్లు మండింది. నీకేటి తెలుసు, పో అవతలకి, అన్నాను. అలా అన్నాను, అవును. ఆమె గిన్నె వదిలేసి గుమ్మందాకా వెళ్లి, మీ అమ్మ పేరెత్తి, అచ్చమ్మక్క ఉంటే నీకు ఇంత నోరు లేగిసీదా, అని వెళ్లిపోయింది. ఆ కూర నేను తినలేదు. పిల్లికి పెట్టాను.

ఈ రోజు పొద్దున్న సంచి తీసుకుని చర్చికి వెళ్లాను. స్త్రీల సమాజం వాళ్లు క్రిస్మస్ అమ్మకానికి పాత బట్టలతో బొంతలూ సంచులూ కుడుతున్నారు కదా, వాళ్లకి ఇచ్చేస్తే పీడ పోతుందనుకున్నాను. అమ్మన్నమ్మ గారు సంతోషంగా తీసుకున్నారు. దేవుడు మిమ్మల్ని దీవించుగాక రాజు గారూ, అన్నారు. అంటూనే పైనున్న పసుపు ముక్క ఒకటి తీసి హార్మోనియం మీద దుమ్ము తుడిచారు.

రెజీనా, నేను గుళ్లో గొంతెత్తి ఎరగను. పాట కూడా పెదవులతోనే పాడతాను. ఈ రోజు అరిచాను. అది గుడ్డ కాదు, మా ఆడది, అని అరిచాను. ముక్క లాక్కున్నాను. సంచీ లాక్కున్నాను. ఏటండీ ఇది, గుడ్డపీలికకి ఇంత రాద్ధాంతమా, అని ఆవిడ బిత్తరపోయారు. కుట్టు మిషన్లన్నీ ఆగిపోయాయి. పాస్టరు గారు లోపల నుంచి పరిగెత్తుకొచ్చి, నాకు ఒంట్లో ఎలా ఉందని చెయ్యి పట్టి చూశారు. జ్వరమని చెప్పి వచ్చేశాను. గుళ్లో అబద్ధం కూడా ఆడించావు నాచేత.

దీన్ని ఏం చెయ్యాలి? కాల్చడానికి చేతులు రావు. గంగలో వెయ్యనా అంటే, డాక్‌లో పనిచేసినవాణ్ణి, నాకు తెలుసు. ఆటుకి పోయింది పోటుకి తిరిగొస్తుంది. మూడో రోజున ఈ రేవు మెట్ల దగ్గరే తేలుతుంది. మంచం కింద తోస్తే దాని మీద పడుకోవాలి.

అందుకని తిప్పి పంపుతున్నాను. వచ్చే శనివారం లలిత్ స్నేహితుణ్ణి హౌరాలో పెద్ద గడియారం కింద ఉండమను. సంచి ఇస్తాను. నువ్వు కత్తిరించావు, నువ్వే కుట్టుకో. నన్ను ఇక ఏ ప్రాజెక్టులోకీ లాగకు. సాహిత్యకి నేను వేరే బహుమతి కొంటాను. ఉన్ని టోపీ.

అల్లుడికి నా వందనాలు చెప్పు. సాహిత్యకి ముద్దులు. నీకు ఈసారి ఏమీ లేవు.

ఇట్లు,
కోపం తగ్గని నీ నాన్న,
సాల్మన్ రాజు.

తా.క. మంగళవారం పొద్దున్న రాస్తున్నాను. కవరు అంటించలేదు. ఈ కాగితం నువ్వొక్కదానివే చదువు.

కత్తెర గురించి రాసింది నిజమే. కానీ నా కోపం కత్తెర మీద కాదు.

పాతవి మధ్యలో పెట్టమన్నావు. ఏవి పాతవో నాకు తెలియదు. మూడు రోజులుగా పరుస్తున్నాను, తీస్తున్నాను. మీ అమ్మతో నలభై ఆరేళ్లు ఉన్నాను. యాభై ఆరు ముక్కల్లో మూడు గుర్తుపట్టాను. ఆ మూడూ మీ అమ్మ ఒంటి మీద చూసిన గుర్తు కాదు. చిరిగితే నేను మాసికలు వేశాను, నా కుట్టు చూసి నేను పోల్చుకున్నాను. అంతే.

ప్రతి క్రిస్మస్‌కీ కొత్త చీర కట్టుకుని వచ్చి నా ముందు నిలబడేది. ఏమీ అడిగేది కాదు. నాకు సిగ్గు. తల ఎత్తకుండానే బాగుంది అనేవాణ్ణి. బాగుంది అంటే చూసినట్టే అనుకున్నాను. చీరలు పెట్టెలో మడతల్లో ఉన్నన్నాళ్లూ నాకు అన్నీ తెలుసనే ఉండేది.

ఆదివారం కాసులమ్మ ఒక ఆకుపచ్చ ముక్క తీసి, ఇది రెజీనా బాప్తిస్మం నాటిది గదా మావా, అంది. గుక్క తిప్పుకోకుండా అనేసింది. అందుకే గెంటేశాను. ఈ రోజు వెళ్లి క్షమించమని అడుగుతాను. ఎలా అడగాలో తెలియదు, గిన్నె తోమి ఇస్తాను.

సంచి పంపడం లేదు. శనివారం అతన్ని హౌరా రావద్దను. నువ్వు రా. ఒక్కదానివే రా. ఒక్కో ముక్క నా చేతిలో పెట్టి, ఇది అమ్మ ఎప్పుడు కట్టింది, ఎక్కడికి కట్టింది, చెప్పు. నాకు నిదానం, రెండుసార్లు చెప్పు. చూస్తాను. తల ఎత్తి చూస్తాను. తర్వాత కుడతాను.

తాతయ్య ఇంకా ఎందుకు మొదలుపెట్టలేదని సాహిత్య అడిగితే, కళ్లు సరిగా కనబడటం లేదని చెప్పు.