గుడివాడ సెంటు

నాగాయలంక

చిరంజీవి శ్రీకృష్ణకు,

అత్తయ్య అంకమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, నా పిల్లీ. ఫోను చెయ్యకు. నాకు సరిగ్గా వినపడదు, నువ్వేమో కాలేజీలో కెమిస్ట్రీ పాఠం చెప్పినట్టు అరుస్తావు.

మీ మావయ్య పట్టుచొక్కా ఉన్న ట్రంకు పెట్టెలో వెయ్యమని నువ్వు పంపిన కలరా ఉండలు దొంగలెత్తుకుపోయారు. పెట్టెకు తాళం వేసే ఉంది, చెవి నా కొంగుకే ఉంది, ఉండలు మాత్రం లేవు. పక్కింటి వెంకటలక్ష్మి మీదే నా అనుమానం. నిన్న ఆవిడ చీర అదోలా వాసనేసింది. పెద్దల్లో పెట్టేస్తాను.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క.: పెట్టెలో పట్టని ఉండలు ఎండుచేపల గంపలో వేశాను. ఒక్క ఈగ వాలితే ఒట్టు. ఆ గంప నీకే బస్సులో పంపుతున్నాను.

బందరు

అత్తయ్యకు శ్రీకృష్ణ నమస్కారాలు.

ముందు వెంకటలక్ష్మి పిన్నిని వదిలెయ్యి. ఎవరూ ఎత్తుకుపోలేదు. ఆ ఉండ మంచుగడ్డలా కరిగి నీళ్లవదు, నేరుగా గాలైపోతుంది. ఆ గాలికే పురుగులు చస్తాయి. మనిషికీ మంచిది కాదు. తినేవాటిలో వెయ్యకూడదత్తయ్యా! గంప రాగానే పెరట్లో గొయ్యి తీసి పూడ్చేశాను. మా సుమతి అటు చూసి రెండుసార్లు ముక్కు చీదింది, చేపల మీద బెంగతో.

నీ మేనల్లుడు,
శ్రీకృష్ణ

తా.క.: ఆ గొయ్యి దగ్గరికి మా వీధి కుక్కలు కూడా రావడం లేదు.

నాగాయలంక

నాయనా శ్రీకృష్ణా,

వెంకటలక్ష్మికి పులుసు పంపి రాజీపడ్డాను. ఉండలు వెయ్యని చేపలతోనేలే. కానీ అంతా గాలైపోతుందని నువ్వు రాస్తే మనసు చివుక్కుమంది.

అసలు సంగతి విను. ఉప్పెనలో పడవ పోయాక మీ మావయ్య మళ్లీ సముద్రం మీదికి వెళ్లలేదు. గుడివాడ సినిమా హాల్లో గేటు దగ్గర టికెట్లు చింపే పనిలో చేరాడు. సెలవు దొరికినప్పుడల్లా ఇంటికొచ్చేవాడు. మా బజారంతా ఎండుచేపల వాసన, నేనూ అదే వాసన. ఆయనొక్కడే ఘుమఘుమలాడుతూ బస్సు దిగేవాడు. ఏమిటిదంటే గుడివాడ సెంటు అనేవాడు. ఆయన పోయాక ఆ పట్టుచొక్కా నేను ఉతకలేదు. దాన్నే వాసన చూసుకుంటూ ఉండేదాన్ని. ఇప్పుడు అదీ పోయింది. నీ ఉండలు ఆ వాసనకి దగ్గర చుట్టమే గానీ, ఆయన కాదు. ఆ సెంటేమిటో కనిపెట్టి పంపు. ఒక్కసారి పీల్చి పోతాను.

మీ అత్తయ్య

తా.క.: అది విదేశీ సరుకు అనేవాడు. ధర చూసి జడుసుకోకు.

బందరు

అత్తయ్యకు,

బజారులో దొరికిన సెంట్లన్నీ ఒక్కో సీసా పంపుతున్నాను. ఏదో ఒకటి మావయ్యది కాకపోదు.

శ్రీకృష్ణ

తా.క.: ఇన్ని సెంట్లు ఎవరికని సుమతి అడిగింది. అత్తయ్యకంటే నమ్మలేదు. నువ్వొక ముక్క రాసి పెట్టు.

నాగాయలంక

శ్రీకృష్ణా,

ఒక సీసా పెళ్లికొడుకు వాసన, ఒకటి గుడి వాసన, ఇంకోటి మా పళ్ల డాక్టరు వాసన. మీ మావయ్య ఎందులోనూ లేడు.

వెంకటలక్ష్మి ఇంకో మాట అంటోంది. గేటు కాపలావాడికి విదేశీ సెంటు ఎక్కడిది, గుడివాడలో ఎవరో రాసుకున్నది ఈయనకంటుకుని ఉంటుంది అంటోంది. నాకు ముద్ద దిగడం లేదు. వెళ్లి ఆవిడెవరో తేల్చుకునిరా.

అంకమ్మ

తా.క.: సుమతీ, సీసాలు నాకే వచ్చాయి. నీ మొగుడికి అంత తెలివి లేదు.

బందరు

అత్తయ్యకు,

పామర్రులో బస్సు మారి గుడివాడ వెళ్లాను. హాలు ఇప్పుడు కల్యాణ మండపం అయింది. అప్పటినుంచీ ఉన్న మేనేజరు శ్యాంబాబు గారు మావయ్య కూర్చున్న స్టూలు చూపించారు. ఆడమనిషి ఎవరూ లేరు. ఎలా రాయాలో తెలియడం లేదు. స్టూలు వెనకే మగవాళ్ల మూత్రశాల. కంపు తెలియకుండా అందులో తెల్ల ఉండలు వేస్తారు. లోపలికి అడుగుపెట్టగానే చిన్నప్పుడు మావయ్య నన్నెత్తుకున్న వాసన! కళ్లు తిరిగాయి, నీళ్లు కూడా తిరిగాయి.

నేను ముందు పంపినవి నాఫ్తలీన్. ఇది వేరే, బెంజీనుకు క్లోరిన్ చేర్చి చేసినది, పారాడైక్లోరోబెంజీన్ అంటాం. చేపలకు వాడే చిక్కటి ఉప్పునీళ్లలో మొదటివి తేలతాయి, ఇవి మునుగుతాయి. వాడనివి ఒక పొట్లం కొని పంపుతున్నాను. కిటికీలు తీసి ఉంచు, అదేపనిగా పీల్చకు. మావయ్యను తప్పుపట్టకు.

శ్రీకృష్ణ

తా.క.: నేను అక్కడ కళ్లు తుడుచుకుంటుంటే, ఏం కష్టమొచ్చిందో అని ఒక పెళ్లిపెద్ద నాకు భోజనం పెట్టించాడు.

నాగాయలంక

నా బంగారు శ్రీకృష్ణకు,

ఉండ ఉప్పునీళ్లలో మునిగింది. ఇంకోటి చొక్కా జేబులో వేసి పెట్టె మూశాను. సాయంత్రం తెరిస్తే ఆయనే. తనివితీరా ఏడ్చాను.

ఆ వాసన ఎక్కడిదో ఆయన హాల్లో చేరిన కొత్తలోనే నాకు తెలుసు. చెప్పకుండా హాలుకు వెళ్లి చూశాను, ఆయనకి కనపడకుండా తిరిగొచ్చేశాను. ఆయన సెంటు అన్నాడు, నేను అవునన్నాను. ఆ మాట మీదే హాయిగా కాపురం చేశాం. లెక్చరరువి, మూత్రశాల ఉండ తెచ్చిపెట్టమని నిన్నెలా అడగను? అందుకే సెంటన్నాను. నువ్వు సీసాల మీద సీసాలు పంపుతుంటే, నిన్ను గుడివాడకు కదిలించడానికి ఆ ఆడమనిషిని నేనే పుట్టించాను. వెంకటలక్ష్మి పాపం ఏమీ అనలేదు.

మీ అత్తయ్య

తా.క.: పెట్టె తెరిచినప్పుడు వెంకటలక్ష్మి గుమ్మంలోకొచ్చి, "అన్నయ్యగారు వచ్చినట్టున్నారే వదినా!" అనేసి నాలిక్కరుచుకుంది. వచ్చాడు, ఇప్పుడే గుడివాడ బస్సెక్కాడు అని చెప్పాను.