నోరారా పిలవడానికి ఒక పేరు

ఇన్వర్‌కార్గిల్,
జూలై 2018, ఆదివారం.

అమ్మ పాదాలకు నమస్కరించి నీ పెద్ద కూతురు సుభద్ర రాస్తున్నది. ఇక్కడ మేమందరం కులాసాగా ఉన్నాం. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? తమ్ముడు, మరదలు, ఆడపిల్లలిద్దరూ క్షేమమని తలుస్తాను. "వీడియో కాల్ చేద్దాం కదమ్మా, ఈ రోజుల్లో ఉత్తరమేమిటి?" అని నీ మనవడు బాబీ నవ్వుతున్నాడు. నీకు ఫోనులో మాట వినపడదు, భూతద్దం పెట్టుకుంటే మాత్రం కామా కూడా వదలవు. అందుకని రాస్తున్నాను. తీరిగ్గా చదువు. చివర నువ్వొక నిర్ణయం చెప్పాలి. అది నువ్వే చెప్పాలి, తమ్ముడు నీ తరఫున చెబితే చెల్లదు.

నీ మునిమనవడు బాగున్నాడు. పాలు బాగా తాగుతున్నాడు, బరువు పెరుగుతున్నాడు. చెవులు నాన్నగారివి. కోడలు మిహో కూడా కోలుకుంది. నేను తెచ్చిన కారప్పొడీ వెల్లుల్లి కారమూ విమానాశ్రయంలో తీసేస్తారని తమ్ముడు భయపెట్టాడు కదా. పొట్లాం పొట్లానికీ పేరు, అందులో వేసినవి, బరువు రాసి ముందే చూపించాను. ఆ ఆఫీసరమ్మాయి చదివి, కరివేపాకు ఒక్కటీ తీసుకుని, "ఇంత చక్కగా ఎవరూ రాయరు" అంది. నిజాయితీగా చెబితే ఎక్కడైనా గౌరవిస్తారు.

చలి మాత్రం చెప్పలేను, ఇక్కడ జూలై అంటే నడి చలికాలం. ఇది దేశానికి దక్షిణపు కొస, ఆ తరువాత సముద్రం, దాని తరువాత మంచు. గాలి ఆ మంచు మీద నుంచి నేరుగా మన వంటింట్లోకి వస్తుంది. సాయంత్రం ఐదయ్యేసరికి చీకటి. వీధిలో మనిషి కనపడడు. వీధి చివర డెయిరీ అని చిల్లర కొట్టు ఒకటి ఉంది. పాలు కొనే వంకతో నడిచి వెళ్ళి, ఆ కొట్టతనితో నాలుగు మాటలాడి వస్తాను. అదే నాకు పెద్దబజారు. నా గురించి దిగులు పడకు, స్వెట్టర్లు రెండేసి వేసుకుంటున్నాను. ఒంటరిగా కూడా లేను. ఎందుకంటే ఇంట్లో వియ్యపురాలు ఉన్నారు.

మిహో తల్లి తోషికోగారు కూతురి పురుటికని జపాను నుంచి వచ్చారు. వరి పండించే ఊరు. ఆవిడకు తెలుగు రాదు, నాకు జపాను భాష రాదు, ఇద్దరి ఇంగ్లీషూ అంతంత మాత్రమే. ఆవిడ ఎలాంటి మనిషో ఆస్పత్రిలో మొదటి రోజే తెలిసింది. నర్సు ఎంతో ప్రేమగా బాలింతకు మంచుముక్కలు వేసిన నీళ్ళు తెచ్చింది. నేను "అయ్యయ్యో!" అన్నాను. అదే క్షణంలో తోషికోగారు వాళ్ళ భాషలో ఏదో అన్నారు. ఇద్దరం ఒకేసారి చెయ్యి చాపి ఆ గ్లాసు పక్కన పెట్టేశాం. నర్సు మా ఇద్దరినీ చూసి, "మీరిద్దరూ అక్కచెల్లెళ్ళా?" అని అడిగింది. ఆ రోజు నుంచి నేను ఆవిడను వదినగారు అంటున్నాను. ఆవిడ కూడా నన్ను "వదిన" అనడం నేర్చుకున్నారు. "గారు" ఇంకా నేర్పాలి.

ఇక అసలు సంగతి. నేను బయలుదేరే రోజు నువ్వు నా చెయ్యి పట్టుకుని, మగపిల్లవాడైతే నాన్నగారి పేరు పెట్టించమన్నావు. పెట్టిస్తానని మాటిచ్చాను. నీ కోరికలో తప్పు లేదు. తమ్ముడికి ఇద్దరూ ఆడపిల్లలే. మా బాబీకి వాళ్ళ తాతగారి పేరు పెట్టాం. నాన్నగారి పేరు ఇంతవరకూ ఎవరికీ రాలేదు. కాబట్టి ఆస్పత్రి నుంచి ఇంటికి రాగానే నేను భోజనాల దగ్గర చెప్పేశాను.

"పేరు గురించి ఎవరూ బుర్రలు పాడుచేసుకోనక్కరలేదు. మా నాన్నగారి పేరు. వెంకటేశ్వర్లు."

బాబీ ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. "అమ్మా, అది పెద్ద పేరు కదే. ఇక్కడి స్కూల్లో టీచర్లకి..."

"టీచర్ల సంగతి నాకు చెప్పకు. ముప్పై ఏళ్ళు పిల్లల పేర్లు పిలిచి హాజరు వేశాను. నేర్చుకుంటారు."

అప్పుడు మిహో, అదే, వాడి వర్క్‌షాపుకు వచ్చే జపాను నుంచి దిగుమతైన కార్లు తాళం తిప్పగానే వాళ్ళ భాషలో ఏం మాట్లాడుతున్నాయో తర్జుమా చేయడానికి వచ్చి వాణ్ణి చేసుకున్న పిల్ల, మెల్లగా తన తెలుగులో అంది: "అత్తయ్యా, తాతగారి పేరు చాలా గొప్ప. కానీ బేబీ అల్లరి చేస్తే నేను ఏమనాలి? 'వెంకటేశ్వర్లూ, నోర్ముయ్' అనాలా? అది తాతగారిని తిట్టినట్టు కదా. నాకు భయం."

నాకు కోపం వచ్చింది. కంచం తీసి లేచాను. గిన్నెలు కడుగుతూ ఉంటే ఆ కోపం ఎక్కడా నిలబడలేదు. ఎందుకో చెబుతాను. మా వాడి అసలు పేరు సత్యనారాయణ. మామగారి పేరు గనుక నేను నోటితో అనలేక, పుట్టిన రోజు నుంచీ బాబీ అన్నాను. స్కూలు రిజిస్టరులో తప్ప ఆ పేరు ఈ భూమ్మీద ఎక్కడా వినపడలేదు. ఇప్పుడు వర్క్‌షాపులో తెల్లవాళ్ళు కూడా బాబీ అనే అంటున్నారు. మామగారి పేరు నిలబెట్టానని నేను అనుకున్నాను, ఎవరూ పలకకుండా చేశాను.

మర్నాడు మధ్యాహ్నం పిల్లవాడు పడుకున్నాక మిహోను కూర్చోబెట్టి, మీ వైపు పద్ధతి ఏమిటో చెప్పమన్నాను. వాళ్ళు పెద్దవాళ్ళ పేరు మొత్తంగా పెట్టరట. కావాలంటే అందులోంచి ఒక అక్షరం తీసుకుంటారట. వాళ్ళ అక్షరం మన అక్షరంలా ఉత్త శబ్దం కాదు, ఒక్కో అక్షరానికీ ఒక అర్థం. మిహో నాన్నగారి పేరులో వాళ్ళ తాతగారి అక్షరం ఒకటి ఉందట. పెద్దాయన పిల్లవాణ్ణి చూస్తున్నట్టూ ఉంటుంది, వాణ్ణి కోప్పడితే పెద్దాయనకు తగలకుండానూ ఉంటుంది. నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది. ఎంత ఆలోచించి పెట్టారో చూడు.

"అయితే నాన్నగారి పేరులోంచి ఒకటి తియ్యండి" అన్నాను. తోషికోగారు కుంచె, సిరా తెచ్చారు. నేను వెంకటేశ్వర్లు అంటే కొండ మీది దేవుడని చెప్పాను. ఆవిడ కొండ అక్షరం రాశారు, మూడు శిఖరాలు. ఒంటరి కొండ పేరుగా బాగుండదని ఆవిడే తల అడ్డంగా ఊపారు. అలా చాలాసేపు కూర్చున్నాం. చివరికి ఆవిడ కూతురితో ఏదో అడిగించారు.

"మీ అమ్మగారి పేరు ఏంటి అని అడుగుతోంది, అత్తయ్యా."

"మా అమ్మ పేరుతో ఏం పని? కమలమ్మ."

"అంటే?"

చెప్పడానికి మాట దొరకక, టీ పెట్టె అట్ట వెనక తామరపువ్వు బొమ్మ గీశాను. కింద నీళ్ళు, ఆకు, పైన పువ్వు. నా బొమ్మ సంగతి నీకు తెలుసు, క్యాబేజీలా వచ్చింది. అయినా తోషికోగారు గుర్తుపట్టి, నోటి మీద చెయ్యి పెట్టుకుని, "రెన్!" అన్నారు. తల్లీ కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

రెన్ అంటే తామర. జపానులో మగపిల్లలకు పెట్టే పేరు. ఈ మధ్య అక్కడ అందరూ ముచ్చటపడి పెట్టుకునే పేర్లలో ముందు వరసలో ఉన్నదట. మిహో మనసులో మొదటి నుంచీ అదే ఉంది. మరీ ఎక్కువమందికి ఉందని తనే పక్కన పెట్టేసిందట.

నేను వెంటనే ఒప్పుకున్నానని అనుకోకు. తామరపువ్వు ఆడపిల్లల పేరు కదా అన్నాను. బాబీ వంటింటి గుమ్మంలోంచి, "మరి మన అరవింద్ మావయ్య ఎవరమ్మా? రాజీవ్ బాబాయి? అవీ తామరపూలే కదా. మీసాలొచ్చాక ఎవరైనా నవ్వారా?" అన్నాడు. అయితే పేరు మరీ చిన్నది, నోరు నిండదు అన్నాను. "పిలిచే కొద్దీ నిండుతుంది" అన్నాడు. ఇక మిగిలింది ఒక్కటే. వీధికొకడు ఉన్న పేరు మన వాడికెందుకు? నా తరగతిలో నలుగురు లక్ష్ములు ఉండేవారు, పెద్ద లక్ష్మి, పొట్టి లక్ష్మి, పంతులుగారి లక్ష్మి, బడ్డీకొట్టు లక్ష్మి. పాపం, ఆ చివరి పిల్ల పెళ్ళిశుభలేఖ దాకా బడ్డీకొట్టు లక్ష్మే.

ఇది మిహో తల్లికి చెప్పింది. ఆవిడ నవ్వలేదు. ఆవిడ చెప్పిన మాట మిహో నాకు తెలుగులో చెప్పింది: "వరి అందరూ పండిస్తారు. మా పొలం వరి మా పొలందే."

తరువాత వివరంగా చెప్పారు. పిలుపు ఒకటే అయినా, దాన్ని ఏ అక్షరంతో రాయాలన్నది ఒక్కో ఇల్లు ఒక్కో రకంగా ఎంచుకుంటుందట. ఆవిడ వీధిలోనే ఇద్దరు రెన్‌లు ఉన్నారు, ఇద్దరి రాత వేరు. అందరూ మెచ్చిన పేరులో కూడా తమ ఇంటి వాటా ఒకటి ఉంచుకుంటారు. బురదలో పుట్టి, బురద అంటకుండా నిటారుగా పైకి వస్తుందని ఆ పువ్వు మీద వాళ్ళకు గౌరవం. మేం చిన్నప్పుడు నీ దగ్గర విన్న మాటే. సముద్రాలు దాటి వచ్చి, ఇంకొకరి నోట అదే విన్నాను.

ఆ సాయంత్రం ఆవిడ నాకు ఆ అక్షరం రాయడం నేర్పారు. పైన గడ్డి, మధ్యలో బండిచక్రం, పక్క నుంచి కిందికి నడిచే దారి. ఈ మూడూ కలిస్తే తామర. కింది భాగానికి విడిగా ఒకదాని వెంట ఒకటి సాగడమని అర్థమట. నేను దారి ముందు గీశాను. టక్కున నా మణికట్టు మీద రెండు వేళ్ళతో కొట్టారు. దారి ఆఖరున రావాలట, బండి ఎక్కించకుండా దారి వెయ్యకూడదట! పంతులమ్మ చేతి మీద దెబ్బ పడటం చూసి బాబీ సోఫా మీద పడి నవ్వాడు. నాకు మాత్రం ఆవిడ మీద గౌరవం రెట్టింపయింది. తప్పు తప్పని చెప్పేవాళ్ళే నాకు ఇష్టం.

పిల్లల ఆరోగ్యం చూసే నర్సు ఇంటికి వచ్చినప్పుడు, పేరు ఇంకా తేలలేదు, రెన్ అనుకుంటున్నామని బాబీ చెప్పాడు. "రెన్! థాంక్యూ, ఇది నాకు పలకడం వచ్చు" అని ఆవిడ పిల్లవాణ్ణి ఎత్తుకుని నాలుగుసార్లు పిలిచింది. నాలుగోసారికి వాడు తల తిప్పి చూశాడు. గాలికి తిప్పాడని బాబీ అన్నాడు. నేను ఒప్పుకోను.

అమ్మా, ఇప్పుడు నిన్ను ఒక మాట అడుగుతాను, కోప్పడకు. నాన్నగారి పేరే పెట్టామనుకో. నువ్వు వాణ్ణి ఏమని పిలుస్తావు? రేషను కార్డు దగ్గర భర్త పేరు అడిగితే నా వైపు చూసేదానివి, నేను గౌను కొస పట్టుకుని "వెంకటేశ్వర్లు గారండీ" అని చెప్పేదాన్ని. తిరుపతి దేవుణ్ణి కూడా ఏడుకొండలవాడా అన్నావే తప్ప, పేరు పెట్టి ఏనాడూ మొక్కలేదు. నాన్నగారు పోయాక కూడా "వాళ్ళ నాన్న" అనే అంటున్నావు. నువ్వు కోరి పెట్టించుకున్న పేరు నీ నోటికే రాకపోతే, ఆ ముద్దు ఎవరికి? నీకు తెలిసీ అడిగావని నాకు తెలుసు. నీకోసం ఏదీ అడగడం నీకు రాదు. ఇంతవరకూ ఈ ఇంట్లో ఎవరూ నీ పేరు ఎవరికీ పెట్టాలని అనుకోలేదు. నేనూ అనుకోలేదు. అనుకున్నది ఎవరో చూడు, నీ మాట ఒక్కటి కూడా అర్థంకాని ఒక పెద్దావిడ.

అయినా మాట ఇచ్చినది నేను. అందుకని పేరు ఇంకా ఆఫీసులో రాయించలేదు. నాన్నగారి పేరే కావాలని నువ్వు రాస్తే అదే పెడతాం. "అమ్మమ్మగారు ఎలా అంటే అలా. నేను పెద్ద పేరు ప్రాక్టీస్ చేస్తాను" అని మిహో తనంతట తానే అంది. మంచి పిల్ల. ఆషాఢం గనుక బారసాల ఎలాగూ ఆగింది. శ్రావణంలో చేద్దాం. మంచి రోజు పంతులుగారిని అడిగి తమ్ముణ్ణి రాయమను. తోషికోగారు అప్పటిదాకా ఉంటానన్నారు. పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాస్తామని చెబితే, "బియ్యంలోనా!" అని ఎంత మురిసిపోయారో. తెలుగులో బాబీ రాస్తాడు, పక్కన ఆవిడ రాస్తారు.

మరచిపోయేలోపు ఇంకో రెండు పనులు. మీ అల్లుడుగారు బీపీ మాత్రలు వేసుకుంటున్నారో లేదో తమ్ముణ్ణి స్వయంగా వెళ్ళి చూడమను, ఫోనులో అడిగితే వేసుకున్నాననే చెబుతారు. నా గదిలో ఇత్తడి ఉగ్గుగిన్నె ఉంది, ఎవరైనా ఇటు వస్తుంటే పంపించండి.

నీ ఒప్పుదల వస్తే బారసాల రోజున తమ్ముడు ఫోను కలుపుతాడు. నీకు వినపడదని వెనక్కి తగ్గకు. ఆ రోజు నువ్వు వినవలసినదేమీ లేదు. ఫోను పిల్లవాడి చెవి దగ్గర నేను పట్టుకుంటాను. ముందుగా పిలిచేది నువ్వే, తోషికోగారి మాట కూడా అదే. పిలవడం నీ వంతు, వినడం వాడి వంతు. ఎవరి పేరూ మింగనక్కరలేదు. గట్టిగా, వీధి చివరి దాకా వినపడేలా, మూడుసార్లు పిలువు.

పిన్నమ్మకు, పెద్దలందరికీ నా నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు. మా వదినగారు కూడా నీకు తల వంచి నమస్కరిస్తున్నారు, ఉత్తరంలో కనపడదని చెప్పినా వినకుండా. నీ దీవెన కోసం మేమందరం, పేరు లేని పిల్లవాడితో సహా, కాచుకుని ఉన్నాం.

నీ కూతురు,
సుభద్ర

కింద కుంచెతో ఉన్నది బొమ్మ కాదు, నీ పేరులోని అక్షరం. నేనే రాశాను. గడ్డి కాస్త వంకర పోయింది. దారి మాత్రం ఆఖరునే వేశాను.