మెడ వెనుక పట్టీ

అమ్మాయీ,

వృద్ధాశ్రమాలకు నువ్వు ఉచితంగా పంచుతున్న చొక్కాల్లో ఒకటి నాకూ అందింది. నువ్వు రూపొందించిన దుస్తుల్లో సినీతారలు పత్రికలకెక్కినప్పుడు నేను నిన్ను మెచ్చుకోలేదు. మెచ్చుకోలు నా నోట అంత తేలిగ్గా రాదని నీకు తెలుసు. ఈ చొక్కా సంగతి వేరు. పైకి గుండీలు, కాజాలు మామూలుగానే కనిపిస్తాయి. లోపల దాగిన అయస్కాంతాలు వాటంతటవే అతుక్కుంటాయి. వంగని నా వేళ్లకు అదెంత మేలో నువ్వు అడగలేదు, నేనూ చెప్పను.

నిన్న ఉదయం నాకు బట్టలు తొడగడానికి ఆయా వచ్చేసరికి నేను ముస్తాబై కూర్చున్నాను.

"అమ్మగారూ, నా ఉద్యోగానికే ఎసరు పెట్టేశారే!" అంది.

"వంటపని ఎక్కడికీ పోలేదులే, పద" అన్నాను.

అయితే ఒక్క మాట. మెడ వెనుక, లోపలివైపు, "వృద్ధుల సహాయార్థం" అని పట్టీ కుట్టించావు. ఎవరికీ కనిపించదులే అంటావేమో. తొడుక్కునేవారికి కనిపిస్తుంది. ఇకమీదట పంచేవాటికి దయచేసి అది కుట్టించకు.

నా చొక్కాకు ఉన్నదాన్ని నేనే విప్పాలని కూర్చున్నాను. కత్తెర పట్టు చిక్కలేదు. చివరికి ఆయానే పిలవవలసి వచ్చింది.

మీ పెద్దమ్మ