అటెండరుగారి రష్యన్

అక్కా,

జ్వరం తగ్గింది, అమ్మని బెంగపడొద్దని చెప్పు.

మా రష్యన్ విభాగంలో శుక్రవారాలు టీ తాగుతూ అందరం ఆ భాషలోనే మాట్లాడుకుంటాం. మేడమ్ పాఠాలు తలుపు బయట నిలబడి విని నేర్చుకున్న అటెండరుగారూ వచ్చి కూర్చునేవారు. రష్యన్‌లో "వచ్చాను" అనే మాట మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి. ఆయన మేడమ్‌లాగే అనేవారు. పోయినవారం అందరిముందూ ఆయన్ని దిద్దాను. అంతా గొల్లున నవ్వారు.

నిన్న ఆయన టీ పెట్టేసి, కూర్చోకుండా వెళ్లిపోతుంటే వెనకాలే వెళ్లి క్షమించమన్నాను.

"మీరన్నదే రైటమ్మా. నాకే పనుంది" అన్నారు.

నా నోరు పడిపోను! బళ్లో పిల్లల తప్పులు నువ్వు మనసు నొప్పించకుండా ఎలా దిద్దుతావో రాయి. నా స్వెట్టరు పంపు. బావగారికి నమస్కారాలు. చంటిది వచ్చీరాని మాటలు పలికితే ఎవరూ నవ్వకండి.

నీ చెల్లి