బావ మంచం చుట్టూ బేస్ వాదన

అక్కా,

నువ్వు ట్రైనింగు నుంచి రాగానే బావ నా మీద నీకు పితూరీలు చెబుతాడు. అందుకే జరిగింది ముందుగా నేనే రాస్తున్నాను.

బావ ఎడమచెయ్యి ప్రెస్సులో అచ్చు మిషను కింద నలిగిందని తెలిసి బ్యాండు వాళ్లు ముగ్గురూ ఇవాళ ఆసుపత్రికి వచ్చారు. ఇన్నేళ్లూ ఆయన బేస్ గిటారు అండతో స్టేజీ మీద గెంతినవాళ్లే. చెయ్యి ఎలా ఉందని ఒక్కడూ అడగలేదు. మంచం మీదే చతికిలబడి, తెచ్చిన నారింజలు వాళ్లే తింటూ, పంక్ రాక్‌లో అందరికన్నా గొప్ప బేస్ ప్లేయరు ఎవడని వాదనకు దిగారు.

"వేళ్లతో మీటేవాడు పంకే కాదు. పిక్ బిళ్ల పట్టుకుని తీగల్ని బాదాలి," అన్నాడు డ్రమ్మరు.

"బాదితే సరా? పాటను మొయ్యాలిరా," అంటూ పాడేవాడు దుప్పటి మీద గింజలు ఊశాడు.

లోకంలో ఉన్నవాళ్లందరినీ పొగిడారు గానీ, కట్టుతో ఎదురుగా పడుకున్న మనిషి ఊసెత్తలేదు. చివరికి ఎవడో కొత్తవాడి పేరు చెప్పి, "శనివారం ప్రోగ్రాం వాడితో కానిచ్చేద్దాం," అన్నారు. ముగ్గురినీ బయటికి గెంటేశాను.

తలుపేసి తిరిగేసరికి బావ నా మీద మండిపడ్డాడు. "ఎందుకు పంపేశావురా? పిక్ గురించి వాడు కూసినదానికి నేనింకా జవాబు చెప్పందే!"

"వాళ్లకు నువ్వు అక్కర్లేదు బావా," అన్నాను.

"తెలుసు. వేళ్లు ఇక వంగవని డాక్టరూ చెప్పాడు. నోరు బాగానే ఉందిగా. వెళ్లి పిలుచుకురా."

ఆ వెధవల్ని బతిమాలడానికి ఇప్పుడే బయల్దేరుతున్నాను. నువ్వు త్వరగా రా.

నీ తమ్ముడు