మీనా కోసం పిడికెడు బియ్యం

పద్మనగర్, భివండి
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన సలోమక్కకు,

నీ చెల్లెలు రూతు ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నది. ఆయన కృప వల్ల మేము ముగ్గురం బాగున్నాం. నువ్వు, బావ, పిల్లలు కూడా బాగున్నారని తలుస్తాను. బావ మోకాలి నొప్పి తగ్గిందా? నీకు మళ్ళీ దగ్గు మొదలైందని మన వాడ నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. బీడీలు చుట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోమంటే వినవు.

నీకు చెప్పకుండా నేను భివండి బండెక్కి ఏడు నెలలయింది. ఈ ఏడు నెలల్లో నువ్వు ఒక్కసారి కూడా ఫోన్ ఎత్తలేదు. ఎప్పుడు చేసినా బావే ఎత్తి, "మీ అక్క పనిల ఉన్నదమ్మా" అంటాడు. ఏడు నెలలు ఒడవని పని ఏం పనో నాకైతే తెలియదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. చించుదామనుకున్నా ముందు ఒకసారి చదివే చించుతావు. నీ సంగతి నాకు తెలియదా?

ఇక్కడ మా ఆయనకు మగ్గాల పని కుదిరింది. నేను కండెలు చుట్టే మిషన్ మీద కూర్చుంటున్నాను. మా ఒంటిగది ఖోలీ గోడకు అవతలి వైపంతా మగ్గాలే. మొదటి వారం స్టీలు గిన్నెలు అరలో వాటంతటవే జరుగుతూ వచ్చి కింద పడ్డాయి. ఆ చప్పుడులో బతికీ బతికీ ఇక్కడ అందరూ అరిచే మాట్లాడుతారు, రహస్యాలు కూడా. వాన పట్టిందంటే వదలదు. కీర్తన స్కూలు బట్టలు రోజూ ఇస్త్రీపెట్టెతోనే ఆరబెడుతున్నాను. అది మరాఠీ బడిలో చేరింది, ఇంట్లో నాతో సగం మరాఠీలోనే కొట్లాడుతోంది. తిండికి మాత్రం బాధ లేదక్కా, నిజం. పుంటికూర, జొన్నపిండి అన్నీ దొరుకుతాయి. నా గురించి ఏమీ రంది పెట్టుకోకు.

మనుషుల సంగతే కష్టమయింది. గల్లీ నిండా తెలుగు మాటలే, కానీ ఎవరూ నాతో మాట్లాడేవారు కాదు. నల్లా దగ్గర ఎవరి జట్టు వారిది. అలాంటప్పుడు పక్క ఖోలీ సువార్తక్క పలకరించింది. వయసులో నీ ఈడుదే ఉంటుంది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, ఒక్కతే ఉంటుంది. నల్లా ఏ పూట వస్తుందో, పాస్టరుగారి ప్రసంగం ఎంతసేపు సాగుతుందో అన్నీ ఆమే చెప్పింది. ఇక్కడ నాకున్న ఒకే ఒక్క మనిషి ఆమె. ఆమెను కూడా ఒక సినిమా మూలంగా పోగొట్టుకోబోయాను. అదే రాద్దామని కూర్చున్నాను, నవ్వకు.

మనం బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని టీవీలో చూసేవాళ్ళం గుర్తుందా, ఆ జపాన్ వాళ్ళ బొమ్మల సినిమా? పడవలో ఉండే అక్క మీనా, చెల్లి చిన్ని, వాళ్ళ బాతు. ఆ పేర్లు తెలుగులో మాటలు చెప్పినవాళ్ళు పెట్టినవట, కీర్తన చెప్పింది. గాలివానలో చిన్ని చిన్న పడవతో కొట్టుకుపోతుంది. మీనా ప్రతి ఒడ్డుకూ పోయి వెతుకుతుంది. చివరికి పొగమంచులో పడవ గంట కొడితే, ఎక్కడో దూరం నుంచి ఇంకో గంట మోగుతుంది. అంతే, అయిపోతుంది. చిన్ని దొరికిందో లేదో చెప్పరు. నువ్వు ఏడ్చి ఏడ్చి ఆ రోజు బీడీలకు దారాలు తప్పుగా కట్టావు, కంపెనీలో సగం కట్టలు తిరగ్గొట్టారు.

ఆ సినిమానే ఇప్పుడు ఇంగ్లీషు వాళ్ళు నిజం మనుషులను పెట్టి మళ్ళీ తీశారక్కా. హిందీ మాటలతో ఇక్కడి టాకీసుకు వచ్చింది. ఇక్కడ మగ్గాల షెడ్లకు, గాలాలంటారు, సెలవు శుక్రవారం. కీర్తన పట్టుబట్టి నన్నూ సువార్తక్కనూ తీసుకుపోయింది. పోయేముందు ఫోన్‌లో సువార్తక్కకు బొమ్మలదే మొత్తం చూపించింది, తేడాలు తెలియాలని. అది ఆ సినిమా అభిమానుల గుంపులో ఉన్నదట, నలభై రెండు తేడాలు నోటుబుక్కులో రాసుకుంది. అంత శ్రద్ధ లెక్కల మీద పెడితే ఎంత బాగుండును.

ఏం చెప్పను! మీనాకు ఎమిలీ అని పేరు పెట్టారు. బాతును తీసేసి కుక్కను పెట్టారు. ఆ కుక్క మాట్లాడుతుంది, పైగా నీతులు చెబుతుంది! గాలివానలో పడవ మునుగుతుంటే ఎమిలీ పెదవుల రంగు చెక్కు చెదరలేదు. మన మీనా ఒక్క చుక్క కన్నీరు కార్చదు, నిలబడి చల్లన్నం తింటూ వెతుకుతుంది. ఈమె పది నిమిషాలకోసారి ఏడుస్తుంది, ఏడ్చినప్పుడల్లా ఒక పాట. చివరికి చెల్లి దొరుకుతుంది. అంతటితో ఊరుకున్నారా? ఊరు ఊరంతా వచ్చి ఒడ్డున డాన్సు చేసింది. కీర్తన కుర్చీలోంచి లేచి, "ఒరిజినల్ కితీ ఛాన్ హోతా, ఎంత బాగుండె! ఇది ఏక్‌దమ్ బకవాస్, మమ్మీ!" అని అరిచింది. అరవొద్దే అని నేనూ అరిచాను.

సువార్తక్క మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది. బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాం. వడాపావ్ చేతిలో పట్టుకుని ఆమె అన్నది: "నాకైతే గిదే బాగున్నది. గా బొమ్మల దాంట్ల పిల్లను మంచుల ఇడిసిపెట్టి సినిమా అయిపోయిందంటరా? గిదేం సినిమానే?"

"గట్ల చెప్పకుండ ఇడిసిపెడితేనే అందం అక్కా," అన్నాను.

"అందమా? పిల్ల బతికున్నదో సచ్చిందో తెల్వకుంటే అందమెట్లయితది? తెల్లోళ్ళే నయం, పిల్లను ఇంటికి తెచ్చిన్రు."

నా నోరు నీకు తెలుసు కదా. "నీకు సినిమా చూసుడు రాదక్కా, కుక్కలు మాట్లాడితే సంబురపడ్తవ్," అనేశాను. అనగానే నాలుక కరచుకున్నాను, కానీ అప్పటికే ఆమె వడాపావ్ కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంది. మర్నాడు మా రెండు గుమ్మాల మధ్య తీగ మీద దుప్పటి కట్టింది. ఆరేసిందేమో అనుకున్నాను. మూడు రోజులైనా తీయలేదు, తడిసినా తీయలేదు. అప్పుడు అర్థమయింది.

రెండు వారాలు అక్కా. నల్లా దగ్గర నేను మళ్ళీ ఒంటరిదాన్నయ్యాను. పుంటికూర వండి గిన్నె పట్టుకుని ఆ దుప్పటి దాకా పోయి వెనక్కి వచ్చాను. మా ఆయనకు చెబితే, "బాతు గురించి కొట్లాడుకున్నరా మీరు?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

మా సంఘంలో ప్రార్థన మనవులు చీటీ మీద రాసి డబ్బాలో వేస్తారు. ఆదివారం పాస్టరుగారు ఒక్కొక్కటీ చదివితే సంఘమంతా ప్రార్థిస్తుంది. పోయిన ఆదివారం పేరు లేని చీటీ ఒకటి తీసి చదివారు: "మీనా అనే సహోదరి కోసం. ఆమె చెల్లెలు చిన్ని పడవ మీద పోయి మంచులో తప్పిపోయినది. ఆమె ప్రతి ఒడ్డుకూ పోయి వెతికినది. చెల్లెలు తిరిగి రావాలని సంఘము ప్రార్థించగలరు."

కీర్తన బైబిలులో మొహం దాచుకుంది, దాని భుజాలు ఊగుతున్నాయి. తొడపాశం పెట్టాను. నాకూ నవ్వు పొంగుకొచ్చింది. కానీ మిగతా అందరూ మోకరించారక్కా! పాస్టరుగారు పెద్ద తుపానులను ఆపిన ప్రభువా అని మొదలుపెట్టి చాలాసేపు ప్రార్థించారు. ముసలమ్మలు వెక్కివెక్కి ఏడ్చారు. ఎవరో, "కోలీవాళ్ళ పిల్ల కావొచ్చు, సముద్రం మీదికి పోతరు గద" అన్నారు. ఆరాధన కాగానే పాస్టరమ్మగారు లేచి, "ఈ నెల మన పిడికెడు బియ్యం మీనాకే" అని ప్రకటించారు. మన దగ్గరలాగే ఇక్కడా ఆడవాళ్ళు వండేటప్పుడల్లా ఒక పిడికెడు తీసి పెట్టి గుడికి తెస్తారు. ఆ పొద్దు తెచ్చినవే సంచీ నిండా అయ్యాయి. ఒకావిడ ఉన్ని చొక్కా కూడా ఇచ్చింది, మంచులో తిరుగుతున్నదని. చిరునామా ఎవరికి తెలుసో చెప్పమంటే ఎవరూ పలకలేదు.

నాకు మాత్రం రక్తం మరిగింది. ఇది సువార్తక్క పనేనని తెలుసు. ఒక వాదం గెలవడానికి దేవుణ్ణి మధ్యలోకి లాగుతుందా? పనికి పోవాల్సిందాన్ని, నేరుగా దుప్పటి ఎత్తి లోపలికి పోయాను. ఆమె కింద కూర్చుని ఉల్లిగడ్డ కోస్తోంది.

"ఏందక్కా, దేవుణ్ణి గూడ నీ దిక్కు కలుపుకుంటున్నవా? సంచెడు బియ్యం జమయినయ్, ఎవరికిస్తవ్, కుక్కకా?"

ఆమె కత్తిపీట పక్కకు పెట్టింది. "నాకొక చెల్లె ఉన్నది," అన్నది. "కరుణ. ఒకనితోని సూరత్ పోయింది. పోయేముందు నా దగ్గరికి వస్తే తలుపు తియ్యలే. కోపం దిగినంక వెతుకుదామని పోతే గక్కడ లేదు. పన్నెండేండ్లయింది."

నేను ఆమె ఎదురుగా కింద కూర్చున్నాను.

"నా పేరు రాస్తే సంఘమంతా ఎవనితోని పోయింది, ఎందుకు పోయింది అని అడుగుతది. మీనానయితే ఎవ్వలడుగరు గద. అందుకే గట్ల రాసిన."

"మరి నీకు నచ్చిన సినిమా ఇంగ్లీషుదే గదా అక్కా. ఎమిలీ అని రాయకపోయినవా?" అన్నాను. ఆ క్షణంలో కూడా ఇదేం ప్రశ్న అని తిట్టుకో, నోట్లోంచి వచ్చేసింది.

"దానికి చెల్లె దొరికింది కదనే," అన్నది ఆమె. "దొరికినోళ్ళకు ప్రార్థన ఎందుకు?"

ఇద్దరం ఏడ్చాం, తర్వాత నవ్వాం, మళ్ళీ ఏడ్చాం. ఉల్లిగడ్డ ఒక సాకు. ఇంటికి పోయి పుంటికూర తెచ్చి ఆమెకు అన్నం పెట్టాను.

అటు నుంచి అటే ఇద్దరం పాస్టరమ్మగారి దగ్గరికి పోయి నిజం ఒప్పుకున్నాం. ఆమె సంచీ వైపు చూశారు. "గిన్ని బియ్యం బొమ్మకు ఇచ్చినమా!" అన్నారు. తర్వాత కీర్తన ఫోన్ తెప్పించుకుని బొమ్మల సినిమా మొదటి నుంచి చివరిదాకా చూసి, గంట మోగిన తర్వాత, "తర్వాతేమాయె? గింతేనా?" అని ఫోన్ తిప్పి వెనక కూడా చూశారు. ఇంగ్లీషుదానికి కూడా పోయి వచ్చారు. ఇప్పుడు మా స్త్రీల సమాజంలో బాతు పక్షం, కుక్క పక్షం అని రెండు జట్లు. నల్లా దగ్గర నన్ను పిలిచి మరీ ఏ పక్షమని అడుగుతున్నారు. బియ్యం మాత్రం బట్టీ పనిలో చేయి కాలిన ఒకాయన ఇంటికి పంపారు, ఉన్ని చొక్కా ఇంకా పాస్టరమ్మగారి దగ్గరే ఉంది.

ఈ పొద్దు ఆరాధనలో సువార్తక్క చీటీ వేయలేదు. తానే లేచి నిలబడి, "నా చెల్లె పేరు కరుణ, నేను తలుపు తియ్యలే" అని చెప్పింది. నేను పక్కన నిలబడ్డాను. ఎవనితో పోయిందని ఒక్కరూ అడగలేదక్కా. అందరూ మోకరించారు.

గుడి నుంచి వచ్చి నేరుగా ఈ కాగితం తీసుకున్నాను. చెప్పకుండా విడిచిపెడితేనే అందమని అంత గట్టిగా ఎందుకు వాదించానో ఇప్పుడు తెలిసింది. నేను చేసింది అదే కాబట్టి. ఆ పొద్దు నువ్వు బీడీ కంపెనీకి పోయిన సమయం చూసి సామాను ఆటోలో ఎక్కించాను. నువ్వు ఒక్క మాట వద్దంటే ఆగిపోతానని భయం. తప్పు నాదే అక్కా. క్షమించు. నువ్వు లేకుండా నాకిక్కడ ఏదీ రుచిగా లేదు. పైన తిండికి బాధ లేదని రాసింది అబద్ధం.

బావకు, అత్తమ్మకు, పిన్నమ్మకు నా వందనాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. వీలైతే నువ్వు కొట్టిన కారం ఒక సీసా పంపు. కీర్తన నీ ఆశీర్వాదం అడుగుతోంది, నీది ఏ పక్షమో రాయమంటోంది.

ఇంకొక్క మాట. ఇందాక గుడిలో నేను కూడా డబ్బాలో ఒక చీటీ వేశాను. మీనా అని రాయలేదు. నీ పేరు, మన నాయన పేరు, మన వాడ పేరు, నువ్వు నాతో ఏడు నెలలుగా మాట్లాడని సంగతి, అన్నీ రాశాను. పాస్టరుగారు వచ్చే ఆదివారం చదువుతారు. ఈలోగా నువ్వు పలికితే చీటీ వెనక్కి తీసుకుంటాను. లేకపోతే పద్మనగర్ ఆడవాళ్ళంతా నీ మొండితనం కరగాలని మోకరిస్తారు, నెల తిరిగేసరికి సంచెడు బియ్యం నీ గుమ్మం ముందు దిగుతాయి. ఆలోచించుకో.

నీ కోపానికి భయపడే, నువ్వంటే పడిచచ్చే
నీ చెల్లెలు
రూతు